నిశ్శబ్ద గది నుంచి వీధి మలుపు దాకా: శునక ప్రజ్ఞా పరిశోధన – చారిత్రక పరిశీలన

వేల సంవత్సరాలుగా మనిషి వెంట నడుస్తున్న జంతువు కుక్క. అయినా దాని బుద్ధిని మనిషి సాంగత్యంలోనే పరీక్షించాలన్న ఆలోచన శాస్త్రరంగంలో స్థిరపడటానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఈ ఆలస్యానికి కారణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లాయిడ్ మోర్గాన్ 1894లో ప్రచురించిన తులనాత్మక మనోవిజ్ఞాన గ్రంథంలో తన పెంపుడు కుక్క టోనీ ఉదంతాన్ని చర్చించాడు. టోనీ తలతో గడియ ఎత్తి గేటు తెరిచేది. చూసినవారికి అది వివేచనగానే తోస్తుంది. కానీ కమ్మీల సందులోంచి వీధిని చూస్తున్నప్పుడు గడియ యాదృచ్ఛికంగా లేచిందనీ, ఆ పని పలు ప్రయత్నాల మీదటే అలవాటైందనీ మోర్గాన్ గమనించాడు. సరళమైన మానసిక ప్రక్రియతో వివరించగల ప్రవర్తనకు ఉన్నత ప్రక్రియను ఆపాదించరాదన్నది ఆయన సూత్రం. 1898లో థార్న్‌డైక్ పిల్లులను, కుక్కలను చిక్కుపెట్టెల్లో ఉంచి యత్నదోష అభ్యసనాన్ని నిరూపించాడు. జీర్ణక్రియా పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్లోవ్, లాలాజల స్రావం ఆధారంగా నిబంధిత ప్రతిచర్యలను వివరించాడు. ప్రయోగకర్త ఉనికి సైతం ఫలితాన్ని మారుస్తున్నదని గ్రహించి, బయటి శబ్దాలు చొరబడని గదులను నిర్మింపజేశాడు.

ఆ జాగ్రత్త వల్ల కచ్చితత్వం సిద్ధించింది. అయితే కుక్క మనిషిని పట్టించుకోవడమనే ప్రధాన లక్షణం ప్రయోగదోషంగా మిగిలిపోయింది.

1994లో బుడాపెస్ట్‌లోని ఎయోట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో విల్మోష్ చానీ బృందం ఆ ‘దోషాన్నే’ పరిశోధనాంశంగా స్వీకరించింది. మనిషి వేలితో చూపిన దిశను కుక్కలు అనుసరిస్తాయని 1998లో ఆడమ్ మిక్లోషీ బృందం, బ్రయాన్ హేర్ బృందం వేర్వేరుగా ప్రకటించాయి. 2003 నాటి ప్రయోగంలో మనుషులు పెంచిన తోడేళ్లకు, కుక్కలకు ఆహారం అందుకునే పద్ధతి నేర్పి, తర్వాత ఆ మార్గాన్ని మూసివేశారు. తోడేళ్లు తమ ప్రయత్నాన్ని కొనసాగించగా, కుక్కలు త్వరగా వెనుదిరిగి మనిషి ముఖంలోకి చూశాయి. చిక్కుపెట్టె కొలమానంలో ఇది వైఫల్యం; సహజీవన కొలమానంలో సహాయాన్ని అర్థించే నేర్పు.

ఈ నేర్పు పెంపకం వల్ల వచ్చిందా, జాతి వారసత్వమా? ఈ ప్రశ్నకు పెంపుడు కుక్కలు మాత్రమే సమాధానం చెప్పలేవు. కోల్‌కతా ఐసెర్‌లో అనిందితా భద్ర బృందం వీధికుక్కలపై చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం ఇందుకే విలువైనది. ఏ శిక్షణా లేని ఆ కుక్కల్లో దగ్గరకు వచ్చినవి అధికభాగం మనిషి సైగను అనుసరించాయి. బెదిరి దూరంగా ఉండిపోయినవీ అనేకం. ఆ బెదురు కూడా మనిషి నుంచి నేర్చుకున్న పాఠమే కావచ్చు.

మోర్గాన్ హెచ్చరిక నేటికీ శిరోధార్యమే. వెనుదిరిగి చూసిన ప్రతి కుక్కా మన మనసు చదివిందనలేం. కానీ ఆ చూపుకు ఎదురుగా ఉన్న మనిషిని తొలగించి దాని బుద్ధిని కొలవడం అసంపూర్ణమని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.