ఇగ్నిషన్‌లో ఏముంది?
‘తాళం ఇగ్నిషన్‌లోనే ఉండిపోయింది’ అంటుంటారు. డీజిల్ కారువాళ్లూ అదే మాట! డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గే ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇగ్నిషన్ అంటే తాళం దూర్చే చోటు కాదు, నిప్పంటించడం. లాటిన్ ‘ఇగ్నిస్’ (నిప్పు) నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, 17వ శతాబ్దంలో మండేదాకా వేడిచేయడమనే అర్థంలో నడిచి, తర్వాత మోటారెక్కింది. సంస్కృతపు ‘అగ్ని’ దీనికి దాయాది. ‘నిప్పు’ మాత్రం అచ్చతెలుగు. మెకానిక్ షెడ్డులో ప్లగ్గు నిప్పంటించే పనికి మాట ‘కరెంటు’. పాత పెట్రోలు బండైతే మెకానిక్ ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, మరలను ఇంజనుకి ఆనించి సెల్ఫ్ కొట్టిస్తాడు. రవ్వ నీలంగా చిటపటలాడితే కరెంటు బాగున్నట్టే. పసుపుపచ్చగా నీరసిస్తే కాయిల్‌నో వైరునో అనుమానించాలి. తాళం తిప్పేది మాత్రం వట్టి స్విచ్చి. అలాగే పిలుద్దాం.