వారానికొక్కసారి పుట్టింటి రైలు

పిల్లలకి సమ్మర్ సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన గ్రూపుల్లో ఒకటే మాట. "టికెట్లు తీసుకున్నారా? రేట్లు చూశారా?" ఆయన లీవు, పిల్లల క్లాసులు, అమ్మ మోకాళ్ళ నొప్పులు అన్నీ లెక్కేసుకుని ఎలాగోలా బయల్దేరతాం. ఎంత ఖర్చయినా, ఎంత దూరమైనా పుట్టింటికి ఒక దారంటూ ఉందన్న ధైర్యం మనది. ఆ దారే మూసేస్తే? అలా మూతపడిన ఒక దారి గురించి, ఆ దారిలో నడిచిన ఒక రైలు గురించి ఈసారి చెప్పుకుందాం. దాని పేరు థార్ ఎక్స్‌ప్రెస్.

రాజస్థాన్‌కి పడమటి అంచున బార్మేర్ జిల్లా ఉంది కదా, సరిహద్దు దాటితే అటువైపు పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం. అక్కడ ఉమర్‌కోట్ అని ఒక ఊరు, పాత పేరు అమర్‌కోట్. అక్బర్ 1542లో పుట్టింది ఇక్కడే. రాజ్యం పోయి ఎడారిలో తిరుగుతున్న హుమాయూన్‌కీ, నిండు చూలాలైన హమీదా బానుకీ అక్కడి హిందూ రాణా ఆశ్రయం ఇచ్చాడు. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు అమర్‌కోట్ పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. అక్కడి సోఢా రాజపుత్రులు చాలామంది ఇల్లూ పొలమూ వదల్లేక అక్కడే ఉండిపోయారు.

ఇక్కడొక చిక్కు ఉంది. మనకి వెంటనే అర్థమయ్యే చిక్కే. సగోత్రంలో పెళ్ళి కుదరదని మన పెద్దవాళ్ళు ఎంత పట్టుబడతారో తెలుసుగా? సోఢాలదీ అదే పట్టుదల. సోఢా పిల్లని సోఢా పిల్లాడికి ఇవ్వరు. అమర్‌కోట్ చుట్టుపక్కల ఉన్న రాజపుత్రులేమో దాదాపు అందరూ సోఢాలే. అందుకని తరతరాలుగా సంబంధాలన్నీ జోధ్‌పూర్, జైసల్మేర్, బార్మేర్, కచ్ వైపు రాఠోడ్లతోనూ, భాటీలతోనూ. పొరుగూరి సంబంధం అనుకున్నది 1947 తర్వాత పరదేశపు సంబంధం అయిపోయింది. సంబంధాలు మాత్రం ఆగలేదు. పెళ్ళయ్యాక ఇల్లు మారేది ఆడపిల్లే కాబట్టి, ఆ సరిహద్దు బరువంతా వాళ్ళ నెత్తినే పడింది.

రైలు మాత్రం సరిహద్దు కన్నా పాతది. జోధ్‌పూర్ నుంచి హైదరాబాదుకి మీటరు గేజి లైను ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికే కలిసింది. మన హైదరాబాదు కాదండోయ్, సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాదు. దేశ విభజన తర్వాత కూడా ఈ లైను మీద రాకపోకలు కొన్నాళ్ళు సాగాయి. 1965 యుద్ధంతో అదీ పోయింది. బాంబులు పడి పట్టాలు లేచిపోయాయి. గడ్రా రోడ్ దగ్గర సైన్యానికి సామాను చేరవేస్తూ 17 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు. ఏటా సెప్టెంబరు 9న వాళ్ళని అక్కడ తలుచుకుంటారు.

1971 యుద్ధంలో మన సైన్యం థార్ ఎడారిలో చాలా భూభాగం పట్టుకుంది. అప్పుడు ఎన్నో కుటుంబాలు ఇటువైపు వచ్చేశాయి. సిమ్లా ఒప్పందం ప్రకారం భూమి తిరిగి ఇచ్చేసినా, వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి వెళ్ళలేదు. అన్నలు అటు, చెల్లెళ్ళు ఇటు అయిపోయారు.

1976 జూలై 22న అమృత్‌సర్, లాహోర్ మధ్య సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. అయితే అది పంజాబ్ దారి. బార్మేర్ కోడలు అమర్‌కోట్‌లో ఉన్న తల్లిని చూడాలంటే ముందు పంజాబ్ దాకా పైకి వెళ్ళాలి, సరిహద్దు దాటాలి, మళ్ళీ లాహోర్ నుంచి కిందికి సింధ్ దాకా రావాలి. ఎడారికి అవతల ఉన్న ఊరికి వెయ్యి కిలోమీటర్ల పైన చుట్టు దారి. చంకలో పసిపిల్ల, చేతిలో వీసా కాగితాలు. ఇదంతా ఎన్నాళ్ళో తెలుసా? నలభై ఒక్క సంవత్సరాలు.

2006 ఫిబ్రవరి 18న పాత దారి మళ్ళీ తెరుచుకుంది. ఇటు జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీ స్టేషన్, అటు కరాచీ. మధ్యలో మన చివరి స్టేషన్ మునాబావ్, వాళ్ళ వైపు ఖోఖ్రాపార్ దాటాక జీరో పాయింట్. వారానికి ఒక్కసారే రైలు. సరిహద్దు దగ్గర దిగి, సామాను తనిఖీ చేయించుకుని, రైలు మారాలి.

సులువైన ప్రయాణమేమీ కాదు. మునాబావ్ నుంచి భగత్ కీ కోఠీ దాకా మూడు వందల కిలోమీటర్ల దూరంలో ప్రయాణికులు దిగడానికి ఒక్క స్టేషన్ కూడా లేదు. బార్మేర్ ఆ దారిలోనే ఉంది. కిటికీలోంచి సొంత ఊరు కనిపిస్తున్నా దిగకూడదు. జోధ్‌పూర్ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. వీసా ఫలానా ఊళ్ళకే ఇస్తారు, అక్కడ పోలీసులకి హాజరు చెప్పుకోవాలి. అయినా ఆ రైలెక్కారు. మనవడిని ఎత్తుకోవడానికి, తమ్ముడి పెళ్ళికి, తల్లి ఆఖరి చూపుకి. ప్రభుత్వాలు దీన్ని స్నేహానికి గుర్తు అన్నాయి. ఎక్కినవాళ్ళకి అది పుట్టింటి రైలు.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆ తర్వాత బాలాకోట్. ఆగస్టులో జమ్మూ కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దయ్యాక పాకిస్తాన్ రెండు రైళ్ళనీ ఆపేసింది. మన వైపూ ఆగిపోయాయి. ఆ ఏడాది పెళ్ళయిన కొందరు వధువులు వీసాలు రాక అమర్‌కోట్ వైపే ఉండిపోయి, 2021 మార్చిలో గానీ వాఘా మీదుగా అత్తారింటికి చేరలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఆ దారి కూడా మూశారు. సరిగ్గా అప్పుడే బార్మేర్ జిల్లా నుంచి పెళ్ళికి బయల్దేరిన ఒక వరుడు బంధువులతో సహా అట్టారీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

భద్రత చిన్న విషయం అని నేననను. 2007 ఫిబ్రవరిలో పానిపట్ దగ్గర ఇదే సంఝౌతా రైల్లో బాంబులు పేలి 68 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పాకిస్తాన్ వాళ్ళు, అయినవాళ్ళని చూసి ఇళ్ళకి వెళ్తున్నవాళ్ళు. దాడులు చేసేవాళ్ళ వల్ల దారి మూతపడుతుంది, శిక్ష మాత్రం ఆ దారిలో నడిచే ఆడవాళ్ళకి పడుతుంది. బాధంతా అక్కడే.

మన తెలుగు నేలకీ ఈ కథతో సంబంధం ఉంది. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది, మన దక్కన్ నుంచి వెళ్ళిన కుటుంబాలు కట్టుకున్నది. పచ్చళ్ళకీ, బగారా బైంగన్‌కీ అక్కడ పేరు. పాతబస్తీలో అక్క, కరాచీలో చెల్లెలు ఉన్న ఇళ్ళకి కూడా ఈ రైళ్ళే ఆధారంగా ఉండేవి.

మనలో పాస్‌పోర్టు మార్చుకున్నవాళ్ళకి, పుట్టిన ఊరికి వెళ్ళడానికి కాగితం చూపించాల్సి రావడం ఎలా ఉంటుందో కాస్త తెలుసు. మనకి ఓసీఐ కార్డుంది, ఫ్లైటుంది. బార్మేర్‌లో కాపురం చేస్తున్న అమర్‌కోట్ ఆడపిల్లకి భారత పౌరసత్వం రావడానికే ఏళ్ళు పడుతుంది. వచ్చాక తల్లి దగ్గరికి వెళ్ళాలంటే వీసా కావాలి. ఆ వీసా దొరికినా, ఇప్పుడు ఎక్కడానికి రైలు లేదు.

ఈసారి ఇరవై గంటల ప్రయాణం తర్వాత నడుం పట్టేసి విసుక్కుంటూ ఇంటి గేటు దగ్గర దిగినప్పుడు, అమ్మ ఎదురొస్తే, ఒక్క క్షణం వాళ్ళని తలుచుకోండి. మునాబావ్ స్టేషన్ ఇంకా అక్కడే ఉంది. అవతల జీరో పాయింట్ దాకా పట్టాలూ ఉన్నాయి.