ముసుగు బయటపెట్టిన కన్ను: జపాను భయానక వేషధారణ చరిత్ర నుంచి కొన్ని పుటలు

1825లో, నేడు టోక్యోగా పిలవబడే ఎదో నగరంలో, నకమురా-జా అనే కబుకి నాటకశాలలో ఒక కొత్త నాటకం ప్రదర్శితమైంది. నాలుగవ త్సురుయా నంబోకు రచించిన ఆ నాటకం పేరు 'తోకైదో యొత్సుయా కైదాన్'. అందులో ఒయివా అనే బాలింతరాలికి పొరుగింటివారు బలం మందు అని చెప్పి విషం పంపుతారు. ఆమె భర్తను తమ ఇంటి పిల్లకు కట్టబెట్టాలన్నది వారి ఎత్తుగడ. మందు తాగిన ఒయివా ముఖం వికృతమవుతుంది. విషయం తెలుసుకున్న ఆమె ఆ ఇంటికి వెళ్ళి నిలదీయాలనుకుంటుంది. పదిమందిలోకి వెళ్ళే స్త్రీ తయారవ్వాలి కదా, అందుకని తల్లి ఇచ్చిన దువ్వెన తీసుకొని తల దువ్వుకోవడం మొదలుపెడుతుంది. దువ్విన కొద్దీ జుట్టు నెత్తురుతో సహా కుచ్చులు కుచ్చులుగా ఊడి ముందు కుప్ప పడుతుంది. ఆ కుప్ప అలా పెరుగుతూ పోవడానికి రంగస్థలం అడుగున ఒక మనిషి కూర్చొని, నేలలోని సందు గుండా జుట్టును పైకి తోస్తూ ఉండేవాడు.

భరతుడి లెక్కలో భయానకానికి స్థాయి భయం, బీభత్సానికి జుగుప్స, కరుణకు శోకం. ఒయివా తల దువ్వుకునే దృశ్యంలో ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ప్రేక్షకుడు జడుసుకునేది ఆమె దయ్యమైన తరువాత మాత్రమే కాదు. ఇంకా మనిషిగా ఉండగానే, అలంకరించుకోవడమనే అతి మామూలు పని చేస్తుండగానే. ఆ పాత్ర ధరించిన మూడవ ఒనొయె కికుగొరో పేరు నాటక చరిత్రలో నిలిచింది. రంగం అడుగున జుట్టు తోసినవాడి పేరు నిలవలేదు. ఈ వ్యాసానికి విషయమైన కాస్‌ప్లే, అంటే అభిమానులు తమకు నచ్చిన పాత్రల వేషం కట్టడం, ఒక విధంగా ఆ ఇద్దరినీ ఒకే మనిషిలో కలిపిన కళ. వేషం కట్టేవాడే కుట్టేవాడు, రంగు పూసేవాడు, జుట్టు తోసేవాడు కూడా.

జపానులో భయానికి రూపం కల్పించే పని నాటకంతోనే మొదలు కాలేదు. తొరియామా సెకియెన్ 1776లో అచ్చువేసిన చిత్రగ్రంథం యోకాయిలనబడే వింత ప్రాణులను ఒక్కొక్క పుటలో ఒక్కొక్కటిగా, దాదాపు నిఘంటువులా, బొమ్మలు గీసి పేర్లు రాసి పెట్టింది. అదే శతాబ్దపు చిత్రకారుడు మరుయామా ఓక్యో పేరు చెప్పగానే పాదాలు లేని స్త్రీ ప్రేతం గుర్తుకొస్తుంది. శవానికి కట్టే తెల్లని వస్త్రం, విరబోసిన నల్లని జుట్టు, వేలాడే చేతులు: ఈ రూపమే కబుకి మీదుగా సినిమాలోకి నడిచివచ్చి, 1998లో 'రింగు' చిత్రంలోని సదాకోగా ప్రపంచాన్ని భయపెట్టింది.

అయితే అభిమానులు పాత్రల వేషాలు కట్టుకొని ఒకచోట చేరే ఆచారం జపానులో పుట్టినది కాదు. 1939 జూలైలో న్యూయార్కులో జరిగిన మొదటి ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సాహిత్య సమ్మేళనానికి ఫారెస్ట్ జె. అకర్మన్, మిర్టిల్ ఆర్. డగ్లస్ భవిష్యత్ కాలపు దుస్తులు ధరించి వచ్చారు. ఫ్రాంక్ ఆర్. పాల్ చిత్రాలు, 1936 నాటి 'థింగ్స్ టు కమ్' సినిమా వాటికి ఆధారం. చాలాకాలం పాటు ఈ ఘట్టాన్ని అకర్మన్ గొప్పగా మాత్రమే చెప్పుకున్నారు. ఆ రెండు దుస్తులనూ రూపొందించి, కుట్టినది మిర్టిల్. అభిమాన లోకంలో మొరోజో అనే పేరుతో పత్రికలు నడిపిన స్త్రీ ఆమె. వేషధారణ చరిత్రను తిరగరాస్తున్నవారు ఇటీవల ఆమెకు ఆ స్థానం ఇస్తున్నారు. ఆలస్యమైనా, ఇది న్యాయమే.

అమెరికా సమ్మేళనాల్లో బీభత్సానికి హద్దు ఎక్కడో తేల్చిన సంఘటన ఒకటుంది. 1972లో లాస్ ఏంజెలెస్‌లో ఒక కార్టూనిస్టు ఒళ్ళంతా వేరుశనగ వెన్న పూసుకొని వేదిక ఎక్కాడు. దీపాల వేడికి ఆ వెన్న వాసన కొట్టింది, పక్కవారి దుస్తులకు, గోడలకు అంటింది. వేరుశనగ వెన్న వేషాలు నిషిద్ధమన్న నియమం అప్పటినుంచి స్థిరపడిపోయింది. జుగుప్స రసంగా ఉన్నంతవరకు కళ, పక్కవాడి బట్టకు అంటుకుంటే కాదు.

జపానులో ఇటువంటి వేషధారణకు దొరుకుతున్న తొలి స్పష్టమైన ఆధారం 1978 నాటిది. హకొనె ప్రాంతంలోని ఆషి సరస్సు వద్ద జరిగిన సమ్మేళనానికి, తరువాతి కాలంలో విమర్శకురాలిగా పేరుపొందిన మారి కొతాని, ఎడ్గార్ రైస్ బరోస్ నవల ముఖచిత్రంలోని వేషంలో వచ్చారు. చాలామంది దానిని తెజుకా ఒసాము సృష్టించిన ట్రిటాన్ అనుకున్నారట. ఏ పాత్రను చూపుతున్నామన్నది కట్టినవారి చేతిలో మాత్రమే లేదని, చూసేవాడి జ్ఞాపకంలో కూడా ఉందని ఆ పొరపాటు చెబుతుంది.

'కాస్‌ప్లే' అన్న మాటకు వస్తే, 1984లో లాస్ ఏంజెలెస్ సమ్మేళనం చూసి అబ్బురపడిన నొబుయుకి తకహాషి ఆ మాటను సృష్టించారన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. కాని ఆ మాట 'మై ఆనిమే' పత్రిక 1983 జూన్ సంచికలోనే, తకహాషి వ్యాసంలోనే కనిపిస్తుంది. ఆయన అమెరికా చూసి వచ్చి పేరు పెట్టలేదు. జపాను విద్యార్థులు అప్పటికే చేస్తున్న పనికి ఒక పేరు వెతికారు. ఎక్కడి గొప్పదనాన్నయినా పరదేశ దర్శనం ఖాతాలో వేసే అలవాటు చరిత్రకారులకు కొత్త కాదు.

ఆ తొలిరోజుల్లో బాగా ఆదరణ పొందిన వేషాల్లో ఒకటి రుమికొ తకహాషి సృష్టించిన లమ్. ఆమె ఒని జాతి పిల్ల. ఒని అంటే నెత్తిన కొమ్ములు, నడుముకు పులిచర్మం ఉండే జపాను రాక్షసుడు. అలాంటి రాక్షసరూపం లమ్ దగ్గరికి వచ్చేసరికి హాస్యంగా, శృంగారంగా మారిపోయింది. 1972లోనే గో నగాయి 'డెవిల్‌మన్'తో మనిషి శరీరంలో దయ్యం కాపురముండే కథ చెప్పినా, 1989 నుంచి కెంతారో మియురా 'బెర్సెర్క్'లో చీకటిని ఇంకా చిక్కగా గీసినా, చీకటి కథలు ప్రపంచమంతటా కుప్పలుతెప్పలుగా వేషాలెక్కడం తరువాతి తరం ఆనిమేలతోనే చూస్తాం. 2013లో తెరకెక్కిన 'అటాక్ ఆన్ టైటన్', 2014 నాటి 'టోక్యో గూల్', 2019 నాటి 'డీమన్ స్లేయర్' వీటిలో ముఖ్యమైనవి.

వీటిలో వేషధారణ కళకు గట్టి పరీక్ష పెట్టినది 'టోక్యో గూల్' అని చెప్పాలి. సుయి ఇషిదా 2011లో మొదలుపెట్టిన ఈ చిత్రకథలో గూల్‌లు మనుషుల మధ్యే మనుషుల్లా బతుకుతూ నరమాంసం తింటాయి. పుస్తకాల పురుగైన కనెకి కెన్ అనే విద్యార్థిపై ఒక గూల్ దాడి చేస్తుంది. ఇనుప దూలాలు దాని మీద పడగా, వైద్యులు దాని అవయవాలను అతనికి అమరుస్తారు. అప్పటినుంచి అతను సగం మనిషి, సగం గూల్. కాఫీ తప్ప మనుషుల తిండి ఏదీ గొంతు దిగదు. ఆకలి వేసినప్పుడు ఎడమ కన్ను మాత్రం తెల్లగుడ్డు నల్లబడి, నల్లగుడ్డు ఎర్రబడుతుంది. బయట తిరిగేటప్పుడు ఆ కంటికి వైద్యులు వాడే తెల్లని పట్టీ కట్టుకుంటాడు.

అసలు విశేషం ముసుగులో ఉంది. ఉతా అనే ముసుగుల కళాకారుడు కనెకికి తోలు ముసుగు ఒకటి చేసి ఇస్తాడు. నోటి దగ్గర పళ్ళు, జిప్పు. ఒక కన్ను మూసి ఉంటుంది. అయితే మూసింది కుడి కన్ను, మనిషి కన్ను. పట్టీ దాచిన దానిని ముసుగు బయటపెడుతుంది. ముఖం కప్పుకున్నప్పుడే అతని నిజం కనబడుతుంది. వేషధారణకు ఇంతకంటే చక్కని నిర్వచనాన్ని ఏ లక్షణ గ్రంథమూ ఇవ్వలేదు. చూసి కట్టేవారిలో కొందరు పట్టీని, ముసుగును ఒకే కంటి మీద పెడతారు. దుస్తులు ఎంత బాగున్నా, ఆ ఒక్క తప్పుతో పాత్ర చేజారిపోతుంది. చిత్రహింసల తరువాత అతని జుట్టు తెల్లబడుతుంది. వెయ్యిలోంచి ఏడేడు తీసివేస్తూ లెక్కపెట్టే ఆ ఘట్టం అభిమానులకు కంఠోపాఠం. కాబట్టి నల్లజుట్టు కనెకి, తెల్లజుట్టు కనెకి రెండు వేర్వేరు వేషాలు. ఒక విగ్గు మార్చినంత మాత్రాన ఒకటి రెండోది కాదు.

ఆ నల్లని తెల్లగుడ్డు కోసం కనబడే కంటినంతా కప్పే పెద్ద లెన్సులు వాడతారు. మామూలు లెన్సు నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. ఇది తెల్లగుడ్డు మీదికి కూడా పరుచుకుంటుంది. కంటికి గాలి అందక, కొలత కుదరక పుండ్లు పడిన సందర్భాలు వైద్యులు చెబుతూనే ఉన్నారు. అలంకారానికి వాడే లెన్సులు సైతం వైద్య పరికరాలే అని అమెరికా 2005లో చట్టం చేసింది. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు. జపాను కూడా 2009లో వీటిని నియంత్రణ కిందికి తెచ్చింది. అనుభవజ్ఞులు లెన్సు జోలికి పోకుండా, ఫోటో తీసిన తరువాత కంటికి రంగు దిద్దుతారు. అది మోసమని పెదవి విరిచేవారున్నారు గానీ, రంగం అడుగున కూర్చొని జుట్టు తోయడం మోసమైతేనే ఇదీ మోసం.

వెన్ను నుంచి మొలిచే ఎర్రని కొమ్మలవంటి అవయవాలను నురుగు పలకలను వేడిచేసి వంచి, జిగురు పూసి, రంగు వేసి తయారుచేస్తారు. పలక తేలికైనదే అయినా వెనక్కి లాగే బరువును నడుముకు కట్టిన పట్టీలు మోయాలి. 'అటాక్ ఆన్ టైటన్' సైనికుల వేషంలోనూ అసలు కష్టం కత్తులు కాదు, ఛాతీ నుంచి పాదాల దాకా ఒంటినంతా చుట్టే తోలు పట్టీలు. ఒక్కటి వదులైతే నడిచిన నాలుగడుగులకే వేషం జారిపోతుంది. నగోయాలో 2003లో మొదలై, 2005 నుంచి పోటీగా సాగుతున్న ప్రపంచ కాస్‌ప్లే సమ్మేళనంలో పోటీదారులు తమ దుస్తులు తామే చేసుకోవాలన్న నియమం ఈ శ్రమకు విలువ కట్టేందుకే.

టోక్యోలో జరిగే కామిక్ మార్కెట్‌కు ఇంటి దగ్గరే వేషం కట్టుకొని రావడం నిషిద్ధం. లోపల దుస్తులు మార్చుకోవాలి, మళ్ళీ మార్చుకొనే బయటికి వెళ్ళాలి. వేషమంటే వీధి వెంట ఇల్లిల్లూ తిరగడమని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు. పగలంతా నరమాంసభక్షకుడైనవాడు సాయంత్రం చేతిసంచిలో ముసుగు మడిచి పెట్టుకొని, అందరిలా రైలెక్కుతాడు. కనెకి కథ కూడా అదే.

ఇక వేషం ఎవరి సొత్తు? 'డీమన్ స్లేయర్' ప్రచురణకర్త షూయేషా 2020లో ఆరు పాత్రల దుస్తుల నమూనాలకు వ్యాపారచిహ్నం హక్కు కోరింది. మూడింటికి దొరికింది. కథానాయకుడు తంజిరో ధరించే ఆకుపచ్చ-నలుపు గళ్ళకు, దయ్యంగా మారిన అతని చెల్లెలు నెజుకో జనుపాకు నమూనాకు, జెనిత్సు ధరించే త్రికోణాల నమూనాకు దొరకలేదు. అవి కేవలం నమూనాలేనని జపాను పేటెంటు కార్యాలయం తేల్చింది.

ఆ మూడు నమూనాలూ కూడబలుక్కున్నట్టు నాటకశాల వైపే చూపిస్తాయి. గళ్ళ నమూనాకు ఇచిమత్సు అన్న పేరు 1741లో దానిని రంగస్థలం మీద ధరించి ఊరంతా ఊపిన కబుకి నటుడు సనొగవా ఇచిమత్సు నుంచి వచ్చింది. జనుపాకు నమూనాను ఐదవ ఇవాయి హన్‌షిరో ఒషిచి పాత్రలో ప్రసిద్ధం చేశాడు. జనుము త్వరగా, నిటారుగా పెరుగుతుంది గనుక పసిపిల్లల బట్టలపై కూడా దానిని వేసే ఆచారముంది. పెరగవలసిన వయసులో దయ్యమైన పిల్లకు ఆ బట్ట కట్టించడంలో రచయిత గొతోగే కొయోహారు ఆలోచన కనిపిస్తుంది. త్రికోణాలు పాము పొలుసులు. నో నాటకాల్లో అసూయతో సర్పంగా మారిన స్త్రీ ధరించే గుర్తు. దాన్ని దయ్యాలను వేటాడే పిరికి కుర్రవాడు కప్పుకున్నాడు.

నెజుకో వేషం కట్టేవారు నోటికి అడ్డంగా వెదురు ముక్క కట్టుకోవాలి, అది మనుషులను కరవకుండా. ఆ వెదురుతో మాట రాదు, నవ్వు కనబడదు. పాత్ర అంతా కళ్ళలోనే చూపాలి.