బాధితులకు వ్యాజ్య సమాచారము : బళ్ళారి సీమ

నేరమునకు గురియైనవారికి గాని వారి కుటుంబమునకు గాని, వ్యాజ్యము ఏ దశయందున్నదో, ముద్దాయి నిర్బంధమందే యున్నాడో, జామీనుపై వెలుపలికి వచ్చినాడో ఎప్పటికప్పుడు తెలియజేయు ఏర్పాటునకు భారతదేశమున శాసనరూపము లభించుట మిక్కిలి ఆలస్యమైనది. నేరమును రాజ్యమునకు జరిగిన అపచారముగా భావించు ఆంగ్లేయ న్యాయపద్ధతిలో బాధితుడు సాక్షిమాత్రుడు. సాక్ష్యము చెప్పి బోను దిగిన పిమ్మట అతనితో న్యాయస్థానమునకు పనిలేదు. జాతీయోద్యమకాలమున ఆంధ్ర ఖైదీలను నిర్బంధించిన అల్లీపురపు జైలు వలన బళ్ళారి పేరు తెలుగునాట సుపరిచితమైనను, ఖైదీ విడుదలయగు దినమును అతని వలన నష్టపడినవారికి తెలుపవలెనను నియమము నాటి శిక్షాప్రక్రియాస్మృతియందు లేకుండెను.

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లాయందలి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్ళారితో కూడిన శేషభాగము మైసూరునకును చెందగా, ఒకే బంధువర్గపు గ్రామములు రెండు రాష్ట్రముల పోలీసు అధికారమునకు లోబడెను. ఇంట తెలుగు మాటాడు బళ్ళారి కుటుంబమునకు ఠాణాకాగితము కన్నడమున వచ్చుటయు, ముద్దాయి బంధువులు సరిహద్దునకు ఆవల నుండుటయు నాటినుండి ఈ సీమకు సహజమైన చిక్కులైనవి.

1974 ఏప్రిల్ 1 నుండి అమలైన నూతన శిక్షాప్రక్రియాస్మృతి, ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఫిర్యాదికి ఉచితముగా నియ్యవలెననియు, దర్యాప్తు ముగిసిన పిదప తీసికొన్న చర్యను అతనికి తెలుపవలెననియు విధించినది. దర్యాప్తును మూసివేయుదుమని పోలీసులు నివేదించినపుడు ఫిర్యాదికి నోటీసిచ్చి అతని మాట వినవలెనని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐక్యరాజ్యసమితి బాధితుల న్యాయమును గూర్చిన ప్రకటనను ఆమోదించినదియు, కారంచేడులో దళితుల హత్యాకాండ జరిగినదియు ఆ సంవత్సరముననే. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైన పిమ్మట, బాధితుల పట్టుదల ఫలితముగా ప్రత్యేక న్యాయస్థానము ఆ గ్రామమందే వెలసి 2007లో తీర్పు చెప్పెను. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినను, బాధితులు తమ వ్యాజ్యమును దినదినము కన్నులార చూడగలిగిన ఆ విచారణ ఈ చరిత్రయందు అగ్రస్థానమున కర్హమైనది. ఈ నడుమ ఖైదీ విడుదలను తెలుపు విషయమున అమెరికా ముందడుగు వేసినది; అచ్చట కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ నగరమున, జామీనుపై విడుదలయినవానిచేత 1993లో ఒక యువతి హతురాలగుటచే, మరుసటి యేట విడుదలవార్తను బాధితులకు టెలిఫోనుద్వారా తెలుపు యంత్రాంగము నెలకొల్పబడెను.

2009 సవరణమువలన “బాధితుడు” అను పదమునకు మన స్మృతిలో నిర్వచనము లభించెను. 2016 జనవరి 26 నుండి షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టపు 15-ఎ నిబంధన, జామీను విచారణతో సహా ప్రతి విచారణను గూర్చి సకాలమున నోటీసు పొందు హక్కును, పెరోలు విషయమునగూడ తమ మాట వినిపించుకొను హక్కును బాధితులకు ప్రసాదించినది. 2024 జులై 1న ఆ స్మృతి స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, దర్యాప్తు పురోగతిని 90 దినములలోపల ఫిర్యాదికి గాని బాధితునికి గాని తెలుపవలెనని శాసించుచున్నది.

ఐనను జైలు ద్వారముకడ ఈ సమాచారధర్మము నిలిచిపోవుచున్నది. సామాన్య నేరములందు ఖైదీ విడుదలను బాధితునికి తెలుపు బాధ్యతను సంహిత జైలధికారిపై మోపలేదు. 2024 ఆగస్టులో హత్యాభియోగమున నిర్బంధితుడైన ఒక ప్రసిద్ధ కన్నడ నటుని బెంగళూరునుండి బళ్ళారి జైలునకు మార్చినపుడు ఆ ప్రయాణమును టెలివిజను ఛానళ్లు లోకమునకెల్ల చూపినవి. అట్టి ప్రసిద్ధిలేని వ్యాజ్యమున వాయిదా తేదీ తెలియగోరు గ్రామీణునికి న్యాయవాది గుమాస్తాయో ఠాణాకు చెందిన కోర్టు కానిస్టేబులో దిక్కు. అక్షరములు, అంకెలు కలిసి పదునారు గల వ్యాజ్యసంఖ్య చేతనున్నచో ఈ-కోర్టుల వ్యవస్థయందు వాయిదా కనబడును గాని, ఆ సంఖ్యను బాధితునికి ముందుగా ఎవరైన చెప్పవలయును. జిల్లా న్యాయస్థానము జామీను నిరాకరించినచో ముద్దాయి వెళ్లునది కర్ణాటక హైకోర్టు ధారవాడ పీఠమునకు. 2008లో సంచారపీఠముగా ఆరంభమై 2013లో శాశ్వతమైన ఆ పీఠము బెంగళూరుకంటె దగ్గరయైనను, ఒకనాటి కూలి విడిచి అచ్చటికి పోగల బాధితులు అరుదు గనుక, జామీను మంజూరైన సంగతి వారికి పెక్కుమార్లు ముద్దాయి ఊరికి మరలివచ్చిన తరువాతనే తెలియుచున్నది.