కొండాపూర్ ఎటు? మ్యూజియం దారిలో మనవాళ్ల జాడ

లింగంపల్లి స్టేషన్ బయట నిలబడి కొండాపూర్ ఎటు అని అడిగితే ఎవరైనా హైటెక్ సిటీ దిక్కే చెయ్యి చూపిస్తరు. అది అద్దాల మేడల కొండాపూర్. ఇంకో కొండాపూర్ ఉంది. ముంబై రోడ్డు పట్టుకుని పటాన్‌చెరు దాటి సంగారెడ్డి మీదుగా పోతే వస్తది. అక్కడ శాతవాహనుల కాలపు పట్నం ఒకటి మట్టిదిబ్బ కింద ఉంది. దాని పక్కనే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని మేము పోయింది ఈ రెండో కొండాపూర్‌కు. అక్కడి నుంచి మెదక్, పస్తాపూర్ చూసుకుని మళ్లీ లింగంపల్లికే వచ్చినం. 2016 అక్టోబరులో మూడు జిల్లాలుగా విడగొట్టకముందు ఈ మూడు ఊళ్లూ ఒక్క మెదక్ జిల్లాలోనివే. ప్రతిచోటా మేము వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ చరిత్రలో మనవాళ్లు ఏడున్నరు?

కొండాపూర్‌లో నిజాం రాష్ట్ర పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1940ల మొదట్లో తవ్వకాలు జరిపింది. ఇటుక గదులు, బౌద్ధ కట్టడాల పునాదులు, కొలుములు, నాణేలు పోసే మట్టి అచ్చులు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు, ఇనుప పనిముట్లు బయటపడినయి. శాతవాహనుల నాణేలతో పాటు రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అంటే ఇక్కడి చేతిపని సముద్రం అవతలి సొమ్మును ఈ ఊరికి రప్పించింది. అయినా మన పాఠ్యపుస్తకాలు కాలాన్ని రాజుల పేర్లతోనే లెక్కబెడతయి. ‘శాతవాహన కుండ’ అని రాస్తం. ఆ కుండను చేసింది శాతవాహనుడు కాదని పిల్లలకు చెప్పం.

మాతో వచ్చిన ఒక విద్యార్థి అన్నడు: “కుండలు చేసినాయన ఉన్నడు, ఇనుము కొట్టినాయన ఉన్నడు, పూసలు చేసినాయన ఉన్నడు. చెప్పులు కుట్టినాయన ఏడి సార్?”

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పొద్దు. రెండు వేల ఏండ్ల కిందటి పనివాళ్లకు ఇవ్వాళ్టి కులం పేరు తగిలించడం చరిత్ర కాదు. కానీ తోలుపని లేకుండా ఏ పట్నమూ బతకలేదు. కొలిమి తిత్తి తోలు, చెప్పు తోలు, ఎడ్ల పగ్గాలకూ తోలే. మట్టి, ఇనుము, రాయి భూమిలో మిగులుతయి. తోలు మిగలదు, మన నేలలో అది కుళ్లిపోతది. కాబట్టి దొరికిన వస్తువుల మీదనే రాసిన చరిత్రలో తోలు పనివాడు మొదటి రోజు నుంచే గైర్హాజరు. ఇది నేల చేసిన పని. ఆ ఖాళీని ఎవరూ అడగకపోవడం మాత్రం నేల చేసింది కాదు, కులం చేసింది.

అడిగితే ఆధారాలు ఊళ్లెనే ఉన్నయి. కరెంటు మోటర్లు రాకముందు ఈ మెట్ట ప్రాంతంలో బావి నీళ్లు పారింది మోట బొక్కెనతో. ఆ బొక్కెన కుట్టింది మాదిగాయన. తోలును లందలో నానబెట్టి తంగేడు చెక్కతో ఊనింది మాదిగ ఇంటి ఆడామగా. తంగేడు పువ్వు ఇవ్వాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ మీద మొదట పేర్చే పువ్వు. దాని చెక్కకు ఉన్న చరిత్రను మాత్రం ఎవరూ పండుగ చేసుకోరు. వరి పంట లెక్కలో చెరువు తవ్వించిన రాజు ఉంటడు, బావి తవ్వించిన దొర ఉంటడు. నీళ్లను పైకి తెచ్చిన తోలు ఉండదు.

ఇంటిపేర్లు చూడండి. సంగారెడ్డి, వికారాబాద్ దిక్కు దళిత వాడల్లో ‘బేగరి’ అనే ఇంటిపేరు చానా వినపడతది. బేగారి అంటే కూలి లేని చాకిరీ, వెట్టి. నిజాం కాలంలో ఊరికి వచ్చిన అధికారి సామాను మోసుడు, కబురు అందించుడు, దొర ఇంటి పని, అన్నీ వెట్టే. ఆ చాకిరీ పేరే మనుషుల పేరై హాజరుపట్టీలోకి ఎక్కింది. బడిలో ఆ పేరు పిలిచే ప్రతిసారీ మాస్టారు ఒక శాసనం చదువుతున్నట్టే. అది శాసనం అని ఆయనకూ తెల్వదు, పిల్లవాడికీ తెల్వదు.

మెదక్ చర్చి కథ వేరే తీరు. ఇక్కడ మనవాళ్లు కనపడతరు, అయితే తీసుకునేవాళ్లుగా కనపడతరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలిగొన్న జనానికి పని చూపి తిండి పెట్టడానికి ఈ కట్టడం మొదలుపెట్టిండని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందని అందరూ చెప్తరు. నిజమే. ఆ మేలును మేము తక్కువ చెయ్యం. కానీ వాక్యాన్ని ఒక్కసారి తిప్పి చదవండి: తినీతినక ఉన్న కూలీలు 175 అడుగుల శిఖరం లేపిండ్రు. మొదటి వాక్యంలో వాళ్లు అన్నం తిన్నోళ్లు, రెండో దాంట్లో కట్టినోళ్లు. ఈ ప్రాంతంలో ఆ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలే. గుడి మెట్టు ఎక్కనియ్యని ఊళ్ల నుంచి వచ్చి, తమ చేతుల మీదుగా లేచిన కట్టడంలో కూర్చున్నరు. మతం మార్పిడిని బియ్యం లెక్కలో చూసేవాళ్లు ఈ కూర్చోవడాన్ని లెక్కలోకి తీసుకోరు.

జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో అద్దాల పెట్టెలు లేవు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1980ల నుంచి పడావు భూములను సాగులోకి తెచ్చిండ్రు, పాత విత్తనాలను బతికించిండ్రు. పచ్చజొన్న, కొర్ర, సామ, ఉలవ, అనుము గింజలను బూడిద, వేపాకు కలిపి దాస్తరు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకుని తమ మాట తామే చెప్పుకున్నరు. మ్యూజియం పని ఏంది? దాచుడు, పేరు చెప్పుడు, తర్వాతి వాళ్లకు అప్పజెప్పుడు. ఆ మూడూ ఇక్కడ జరుగుతున్నయి. తేడా ఒక్కటే: ఇక్కడ దాచిన వస్తువును ఏటేటా మళ్లీ భూమిలో వేస్తరు, దాని పేరు చెప్పేది కూడా దాన్ని పండించిన మనిషే.

తిరిగొచ్చి లింగంపల్లి పక్కనున్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దిగినం. 1974లో పెట్టిన ఈ విశ్వవిద్యాలయం క్యాంపస్ నేలలో ఇనుప యుగం నాటి సమాధులు ఉన్నయి. అక్కడి చరిత్ర శాఖ వాళ్లే తవ్వి చూపించిండ్రు. అదే నేల మీద 2016 జనవరిలో, హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టిండ్రు. ఆ నెల 17న వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం పోయింది. ఊరి చివర ఉండాల్సిన మాటను వాళ్లు విశ్వవిద్యాలయం నడిబొడ్డున నిలబెట్టిండ్రు. తమ చోటుకు తామే పేరు రాసుకున్నరు. లింగంపల్లి చుట్టుపక్కల చారిత్రక స్థలాల జాబితా ఎవరు రాసినా ఆ చోటు అందులో ఉండాలె.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. పిల్లలను మ్యూజియానికి తీసుకపోండి, మానెయ్యకండి. పోయే ముందు రోజు ఒక పని చెప్పండి: ఇంట్లో ముసలోళ్లను అడిగి మీ ఇంటిపేరు ఎట్లా వచ్చిందో రాసుక రమ్మనండి. మ్యూజియంలో ప్రతి వస్తువు దగ్గర మూడు మాటలు అడగనియ్యండి: దీన్ని ఎవరు చేసిండ్రు, దీనితో పాటు ఉండి కుళ్లిపోయింది ఏంది, దీని పేరు ఎవరు రాసిండ్రు? తిరిగొచ్చినంక వాడలో మిగిలిన ఆరె, రంపె, డప్పు, లంద జాగా, వాటి ఫొటోలు తీసి, చెప్పినవాళ్ల పేర్లతో సహా రాసిపెట్టండి. ఆ పనిముట్లు పట్టిన చేతులు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నయి.

చెప్పులు కుట్టినాయన ఏడి అని అడిగిన పిలగాడు బస్సు దిగేటప్పుడు ఇంకో మాట చెప్పిండు. వాళ్ల తాత ఆరె ఇంకా ఇంట్లనే ఉందట, చూరుల చెక్కి ఉందట. ఈసారి ఊరికి పోయినప్పుడు తీసి తుడుస్త అన్నడు.