గంజాయి: శిక్ష సడలించడం వేరు, అంగడి తెరవడం వేరు

గంజాయి తాగినవాణ్ని జైలుకు పంపాలా? గంజాయి అమ్మకానికి లైసెన్సు ఇవ్వాలా? ఈ రెండు ప్రశ్నలనూ మనం ఒకటిగా కలిపేస్తున్నాం. జైలు వద్దన్నవాళ్లందరినీ అమ్మకానికి సరేనన్నవాళ్ల కింద జమకడుతున్నాం. ఆధారాలను విడివిడిగా పరిశీలిస్తే రెంటికీ ఒకే జవాబు రాదు.

మన దేశంలో దీనిపై పెద్ద విచారణ జరిగి నూటముప్పై ఏళ్లు దాటింది. 1893లో ఏర్పాటైన భారత హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించింది. మితమైన వాడకంలో చెప్పుకోదగ్గ హాని కనిపించలేదని, అతిగా వాడితే హాని ఉందని, పూర్తి నిషేధం కన్నా లైసెన్సులు, పన్నులతో అదుపు చేయడం మేలని 1894లో నివేదించింది. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో రోగానికి కారణం గంజాయి అని రాసివున్న కేసులను తిరగదోడి, ఆ నమోదులు చాలావరకు నమ్మదగ్గవి కావని తేల్చింది. అయితే అప్పట్లో గంజాయి మీద సర్కారుకు ఆబ్కారీ ఆదాయం వచ్చేది. నేటి గణాంక పద్ధతులు అప్పటికి లేవు. ఆ నివేదికను నేటి వైద్య తీర్పుగా చూపలేం.

నేటి ఆధారాలు రెండువైపులా ఉన్నాయి. అమెరికా జాతీయ అకాడమీల 2017 నివేదిక ప్రకారం, పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు గంజాయి పదార్థాలు ఉపశమనమిస్తాయి. స్కిజోఫ్రీనియా వంటి రుగ్మతలకూ గంజాయి వాడకానికీ సంబంధం ఉందని కూడా అదే నివేదిక చెప్పింది. 2019లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన అధ్యయనం ఐరోపా, బ్రెజిల్‌లలోని 11 ప్రాంతాలను పరిశీలించింది. ఘాటైన రకాన్ని రోజూ వాడేవారిలో సైకోసిస్ అవకాశం, ఎన్నడూ వాడనివారికన్నా దాదాపు ఐదు రెట్లు కనిపించింది. సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమనలేం. కానీ ఎదిగే వయసు పిల్లల విషయంలో ఇది గట్టి హెచ్చరికే.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే అంచనాలో, ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవారు 3.1 కోట్లు, వారిలో సాయం అవసరమైనవారు సుమారు 72 లక్షలు. మద్యం తాగేవారు 16 కోట్లు. సాయం అవసరమైనవారు 5.7 కోట్లు. దీన్నిబట్టి గంజాయి మద్యంకన్నా భద్రమని తేల్చేయలేం. ఒకటి వీధి చివరి దుకాణంలో దొరుకుతుంది, మరొకటి చాటుగా అమ్ముడవుతుంది. దుకాణాలు పెరిగితే ఏమవుతుందో మద్యం అనుభవమే చెబుతోంది.

ఇక చట్టం. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద కిలో వరకు గంజాయి చిన్న పరిమాణం. దానికి ఏడాది వరకు జైలు పడవచ్చు. తాగినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు వెళ్లి పూర్తిచేస్తే 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయిస్తుంది. వ్యసనం ముదిరినవాడికి ఈ దారి ఉంది. ఒకటి రెండుసార్లు తాగి పట్టుబడ్డ కుర్రాడికి మాత్రం ఈ సెక్షన్ అక్కరకు రాదు.

20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల వరకు జైలు, బెయిలూ కష్టమే. ఇక్కడ చట్టం ప్రధానంగా బరువును చూస్తుంది, పాత్రను కాదు. సరుకు యజమానికీ, కూలికి మూట మోసినవాడికీ ఒకటే కొలత. ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యానికి ఇది దూరపు సంగతి కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. బదులుగా కాఫీ, మిరియాలు వేసుకోమన్నారు. సలహా మంచిదే. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలానికి గిరిజన రైతుకు ఆదాయం చూపకపోతే దళారి మళ్లీ గడప తొక్కుతాడు.

విదేశీ అనుభవాలు చూద్దాం. పోర్చుగల్ 2001లో పది రోజుల వాడకానికి మించని మత్తుపదార్థం దగ్గరుంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసి, పట్టుబడినవారిని సలహా కమిషన్ల ముందుకు పంపింది. భయపడినట్టు వాడకం కట్టలు తెంచుకోలేదు. అయితే చికిత్సా సదుపాయాలను కూడా అప్పుడే పెంచారు కనుక ఫలితమంతా చట్టం ఖాతాలో వేయలేం. కెనడా 2018లో అమ్మకాన్నే అనుమతించింది. గంజాయి కలిపిన తినుబండారాలు అమ్మిన రాష్ట్రాల్లో, పొరపాటున వాటిని తిని ఆసుపత్రి పాలైన చిన్నపిల్లల సంఖ్య, అటువంటి మిఠాయిలను అడ్డుకున్న క్యూబెక్‌లో కన్నా ఎక్కువగా పెరిగింది.

ఈ ఆధారాలన్నీ చూశాక నాకు తోచేది ఇది. కొద్దిపాటి గంజాయితో మొదటిసారి దొరికినవారిని కౌన్సెలింగ్‌కు మళ్లించాలి. 64ఎ రక్షణను వారికీ వర్తింపజేయాలి. మోసినవాడి శిక్షను బరువుతో పాటు అతని పాత్రను బట్టి నిర్ణయించాలి. కొత్త పంట చేతికొచ్చేదాకా మన్యం రైతును ఆదుకోవాలి. వాణిజ్య అమ్మకానికి తలుపులు తెరవడానికి మాత్రం ఇప్పుడున్న ఆధారాలు చాలవు. జైలు తలుపు మూయడానికి దుకాణం తలుపు తీయనక్కర్లేదు. ఈ తేడాను శాసనసభల్లోనూ, మన ఇళ్లలోనూ గుర్తిస్తే, మత్తులో పడిన పిల్లల్ని కేసులకు అప్పగించకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లగలుగుతాం.