పది నెలల చక్రవర్తి వెట్రానియో: కంచు నాణేల్లో మిగిలిన చరిత్ర

రోమన్ నాణేల సేకరణ మొదలుపెట్టేవారు సాధారణంగా అగస్టస్, నీరో, కాన్‌స్టాంటైన్ లాంటి పేరున్న చక్రవర్తుల వైపు చూస్తారు. కొన్నేళ్లు గడిచాక కొందరి ఆసక్తి స్వల్పకాలం ఏలినవారి మీదకు మళ్లుతుంది. అలాంటివారిలో వెట్రానియో ఒకరు. క్రీ.శ. 350లో పది నెలల పాటు చక్రవర్తిగా ఉన్న ఈ వృద్ధ సేనాని గురించి గ్రంథాలు చెప్పేది కొంచెమే. ఆయన వేయించిన కంచు నాణేలు మాత్రం ఆనాటి రాజకీయాన్ని ఇప్పటికీ చూపిస్తున్నాయి. అయితే ఆ సాక్ష్యం చెడిపోకుండా మిగలడం, మిగలకపోవడం వాటిని కొనేవారి చేతుల్లోనూ ఉంది.

ఎవరీ వెట్రానియో?

350 జనవరిలో పశ్చిమ రోమన్ ప్రాంతాల్లో మాగ్నెంటియస్ అనే సేనాని తిరుగుబాటు చేశాడు. చక్రవర్తి కాన్‌స్టాన్స్ హత్యకు గురయ్యాడు. ఆయన అన్న, తూర్పు ప్రాంతాలను పాలిస్తున్న రెండో కాన్‌స్టాంటియస్ అప్పటికి పర్షియా యుద్ధంలో తలమునకలై ఉన్నాడు. వీరిద్దరి మధ్య ఉన్న ఇల్లిరికం, అంటే నేటి బాల్కన్ ప్రాంతం, ఎటు మొగ్గుతుందన్నది కీలకంగా మారింది. అక్కడి సైన్యం మార్చిలో తమ సేనాధిపతి వెట్రానియోను చక్రవర్తిగా ప్రకటించింది.

ఆయన మాగ్నెంటియస్‌తోనూ మంతనాలు జరిపాడు, కాన్‌స్టాంటియస్‌తోనూ జరిపాడు. చివరికి డిసెంబర్ 25న సైన్యం ఎదుట కాన్‌స్టాంటియస్ ప్రసంగించగా, వెట్రానియో రాజచిహ్నాలు వదిలేసి పదవి నుంచి తప్పుకున్నాడు. సింహాసనం కోసం పోటీపడినవారికి మరణశిక్షే గతి అయిన ఆ కాలంలో ఆయనకు ప్రాణం దక్కింది, భరణమూ దక్కింది. నేటి తుర్కియేలోని బుర్సాలో, అంటే అప్పటి ప్రూసాలో, మరో ఆరేళ్లు ప్రశాంతంగా బతికాడు.

నాణేలు చెప్పే సంగతి

వెట్రానియో అధీనంలో రెండు టంకశాలలు పనిచేశాయి. ఒకటి సిస్కియా, నేటి క్రొయేషియాలోని సిసాక్. రెండోది గ్రీస్‌లోని థెస్సలొనీకా. ఈ రెండు చోట్లా ఆయన తన పేరుతో పాటు కాన్‌స్టాంటియస్ పేరుతోనూ నాణేలు వేయించాడు. మాగ్నెంటియస్ పేరుతో వేయించలేదు. సొంతంగా కిరీటం పెట్టుకున్నా పాత రాజవంశంతో తెగతెంపులు చేసుకోలేదన్న సందేశం ఇలా సిపాయిల జీతం డబ్బుతో పాటే ఊరూరా తిరిగింది.

వీటిలో సేకర్తలు ఎక్కువగా కోరుకునేది సిస్కియా నాణెం. బొరుసు వైపు సైనిక ధ్వజం పట్టుకున్న చక్రవర్తి నిలబడి ఉంటాడు. వెనుక నుంచి విజయదేవత ఆయన తలపై పుష్పకిరీటం ఉంచుతుంటుంది. చుట్టూ ‘హోక్ సిగ్నో విక్టర్ ఎరిస్’ అనే లాటిన్ వాక్యం ఉంటుంది. ‘ఈ చిహ్నంతో నువ్వు విజేతవు అవుతావు’ అని అర్థం. 312లో యుద్ధానికి ముందు కాన్‌స్టాంటైన్‌కు కనిపించిందని చెప్పే క్రైస్తవ చిహ్నాన్ని ఇది గుర్తుచేస్తుంది. మరో రకంపై రెండు ధ్వజాలు పట్టుకున్న చక్రవర్తి, ‘సైనికుల ఐక్యత’ అనే అర్థమిచ్చే వాక్యం కనిపిస్తాయి.

గుర్తించడం ఎలా?

ఈ పెద్ద కంచు నాణేలు సుమారు 22 నుంచి 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, అటూఇటుగా 5 గ్రాముల బరువు ఉంటాయి. బొరుసును మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. ‘హోక్ సిగ్నో’ నాణేలు కాన్‌స్టాంటియస్ పేరుతోనూ ఉన్నాయి, వెట్రానియో తప్పుకున్నాక గాలస్ పేరుతోనూ వచ్చాయి. అందుకే బొమ్మ వైపు చూడాలి. వెట్రానియోకు గడ్డం ఉంటుంది, తలపై సాధారణంగా ఆకుల దండ ఉంటుంది. కాన్‌స్టాంటియస్ ముఖం నున్నగా ఉంటుంది, తలకు ముత్యాల పట్టీ ఉంటుంది. బొరుసు అడుగున ఉండే అక్షరాలు ఏ టంకశాలో, అందులో ఏ విభాగమో చెబుతాయి. 337 నుంచి 364 వరకు వచ్చిన నాణేలకు 1981లో వెలువడిన ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ ఎనిమిదో సంపుటం ప్రామాణికం. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నిర్వహిస్తున్న ఆన్‌లైన్ జాబితాను ఉచితంగా చూడవచ్చు.

మోసం, మొరటు శుభ్రత

కాన్‌స్టాంటియస్ నాణేలు విరివిగా దొరుకుతాయి, వెట్రానియోవి అరుదు. ధరలో తేడా అక్కడే వస్తుంది. అసలైన పాత నాణెం తీసుకుని, దానిపై పేరును చెక్కి మార్చడం ఒక మోసం. పోత పోసిన నకిలీలు మరొకటి. అక్షరాల మధ్య లోహం గీరినట్టు ఉన్నా, అక్షరాల లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, అంచు చుట్టూ పోత గీత కనిపించినా అనుమానించాలి.

ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో నాణెం తోమితే నష్టం శాశ్వతం. శతాబ్దాలుగా ఏర్పడిన గట్టి చిలుము పొర బొమ్మను, అక్షరాలను కాపాడుతుంది. పులుపు దాన్ని తినేస్తుంది. పొడిలా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం వేరు. అవి లోహాన్ని తొలిచే జబ్బు. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, తేమ తగలకుండా ఉంచి నిపుణులకు చూపించాలి.

దొరికిన చోటే సగం చరిత్ర

బాల్కన్ దేశాల్లో మెటల్ డిటెక్టర్లతో సాగే దొంగ తవ్వకాలు పెద్ద సమస్య. బల్గేరియా నుంచి వచ్చే పురాతన వస్తువులపై 2014లో అమెరికా విధించిన దిగుమతి ఆంక్షల్లో నాణేలు కూడా ఉన్నాయి. నాణెం ఏ కోటలో, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందో తెలిస్తే వెట్రానియో సైన్యం ఎక్కడ ఉందో, ఆయన డబ్బు ఎంత దూరం చెలామణి అయిందో అంచనా వేయవచ్చు. రాత్రికి రాత్రి తవ్వి అమ్మేస్తే మిగిలేది బొమ్మా బొరుసే. ఎవరి దగ్గర నుంచి, ఎప్పుడు, ఏ దేశం దాటి వచ్చిందో చెప్పే కాగితాలు అడగడం అందుకే కొనేవారి బాధ్యత.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. తమిళనాడులోని కరూర్, మదురై ప్రాంతాల్లోనూ, శ్రీలంకలోనూ నాలుగు, ఐదు శతాబ్దాల చిన్న రోమన్ రాగి, కంచు నాణేలు దొరికాయి. శ్రీలంకలో వాటిని చూసి స్థానికంగా నాణేలు తయారుచేశారు కూడా. నదుల ఇసుకలో ఏరి, నేరుగా అంగళ్లకు చేర్చిన నాణేలకు ఇలాంటి వివరాలు మిగలవు. భూమిలో నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువులు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం.